డా నాంగ్‌లో ఒక రోజు: గుర్తుపట్టగానే కదిలిపోవద్దు

వియత్నాం వెళ్ళొచ్చిన మనవాళ్ళ వీడియోల్లో అక్కడి డా నాంగ్ నగరం గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తున్నాయి. ఒకటి, "చామ్ మ్యూజియంలో అన్నీ మన దేవుళ్ళే, అరగంట చాలు." రెండోది, "తిండి దగ్గరే కష్టం, మనకు పడదు." మొదటిచోట అంతా తెలిసిందే అనుకుని త్వరగా బయటపడుతున్నారు. రెండోచోట ఏదీ తెలిసింది కాదనుకుని అసలు లోపలికే అడుగు పెట్టడం లేదు. పైకి రెండూ వేరువేరు మాటల్లా ఉన్నా, నాకైతే ఒకే పొరపాటులా కనిపిస్తున్నాయి.

ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యపు జనం చామ్‌లు. ఆ చామ్ శిల్పి చేతికి దొరికింది శివుడు, గణపతి, గరుత్మంతుడు, మకరం. డా నాంగ్ చుట్టుపక్కల క్వాంగ్ నామ్ ప్రాంతపు వంటింటికి దొరికింది బియ్యం, పసుపు, వేరుశనగ నూనె, అరటిపువ్వు, పనసకాయ. ఈ సరుకంతా మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ సరుకుతో వాళ్ళేం చేశారో మాత్రం తెలియదు. విమానం టికెట్టు పెట్టుకుని అంతదూరం వెళ్ళినందుకు చూడాల్సింది ఆ రెండో సంగతి. "ఇది శివలింగం", "ఇది వాళ్ళ దోశ" అని పేరు పెట్టేసుకున్న మరుక్షణం కన్ను, నాలుక రెండూ పని మానేస్తాయి. అలా జరగకుండా డా నాంగ్‌లో ఒక రోజును ఎలా అమర్చుకోవచ్చో వివరంగా చెబుతాను.

ఆ రోజున 'మీ సన్' అనే పాత చామ్ గుడుల సముదాయం పెట్టుకోవద్దు. డా నాంగ్ నుంచి ఆ గుడులు దూరం. పొద్దున గుడులు, మధ్యాహ్నం మ్యూజియం అని ఏజెంట్లు కలిపి అమ్మే ప్యాకేజీలో రెండూ చెడతాయి. ఎండలో తిరిగొచ్చిన మనిషి శిల్పం ముందు నిలబడలేడు, కుర్చీ వెతుక్కుంటాడు. వరస కూడా ముఖ్యమే. గుడుల్లోని మేలైన శిల్పాలు చాలావరకు మ్యూజియానికి చేరాయి. మీ సన్‌లో అన్నిటికన్నా గొప్పదని పేరున్న, పండితులు ఎ1 అని గుర్తు పెట్టిన గోపురం 1969లో అమెరికా బాంబుదాడిలో కూలిపోయింది. ముందు మ్యూజియంలో విగ్రహాలు చూసి, మర్నాడు ఆ ఇటుక గోడల మధ్యకు వెళితే, ఖాళీ గర్భగుడిలో ఏముండేదో మనసులో నిలుపుకోవచ్చు. ముందే గుడులకు వెళితే ఖాళీ గదులు తప్ప ఏమీ కనిపించవు.

పొద్దున్నే, ఒక గిన్నె తిన్నాక

మ్యూజియం హాన్ నదికి పడమటి ఒడ్డున, డ్రాగన్ బ్రిడ్జి దిగగానే ఉంటుంది. ఉదయం ఏడున్నరకు తెరుస్తారు, టికెట్టు 60,000 డాంగ్‌లు. మన రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వేసుకుంటే రెండొందల రూపాయలు. పాత భవనం పని 1915లో మొదలైంది, జనం చూడటానికి 1919లో తెరిచారు. ఫ్రెంచి పురావస్తు పండితుడు ఆంరీ పార్మాంతియే పట్టుబట్టి సాధించిన మ్యూజియం అది. గదులకు దేవుళ్ళ పేర్లో శతాబ్దాల పేర్లో పెట్టకుండా, శిల్పాలు దొరికిన ఊళ్ళ పేర్లు పెట్టారు: మీ సన్, త్రా కియూ, డోంగ్ డువాంగ్, థాప్ మమ్. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ఒకే దేవుడు ఊరు మారితే ఎలా మారాడో గది దాటగానే తెలిసిపోతుంది.

ఏడున్నరకే వెళ్ళమనడానికి కారణాలున్నాయి. ఉబ్బెత్తు శిల్పాన్ని పక్కనుంచి పడే వెలుతురులో చూడాలి. ఎదురుగా పడే వెలుతురులో గీతలన్నీ చదునైపోతాయి. పాత గదుల్లోకి పొద్దుటి వెలుతురు ఏటవాలుగా వస్తుంది. పెద్ద టూరు బస్సులు దిగేది సాధారణంగా తొమ్మిది తర్వాత. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం రెండింటికి ఆ పాత గదుల్లో ఉక్కపోత మన విజయవాడకు ఏమీ తీసిపోదు.

అయితే ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. ఆరున్నరకల్లా 'మీ క్వాంగ్' అనే బియ్యప్పట్టీల వంటకం అమ్మే ఒక దుకాణంలో కూర్చోండి. గిన్నె 30,000 నుంచి 50,000 డాంగ్‌ల దాకా ఉంటుంది.

ఈ గిన్నె దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దీన్ని తప్పుగా తినడం చాలా సులువు. బియ్యం నానబెట్టి, పలచగా రుబ్బి, ఆవిరి మీద బిగించిన గుడ్డపై పల్చని రేకులా పరుస్తారు. ఉడికిన రేకుకు వేరుశనగ నూనె రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వేలెడు వెడల్పు పట్టీలుగా కోస్తారు. పసుపు కలిపితే పసుపు రంగు, కలపకపోతే తెలుపు. పైన వేసే కూరకు వేరుశనగ నూనెలో 'నెన్' అనే చిన్న ఉల్లిజాతి గడ్డలు వేయించి, అందులో రొయ్యలు, పంది మాంసం లేదా కోడి మాంసం చేపల సాసుతో మగ్గించి, కొద్దిగా నీళ్ళు పోసి మరిగిస్తారు. ఈ నూనె వాసన తగలగానే మన ముక్కు 'తెలుసు' అంటుంది. సరిగ్గా అక్కడ జాగ్రత్తపడాలి.

గిన్నెలో పులుసు మూడో వంతుకు మించి ఉండదు, పట్టీలు తడిసేంత మాత్రమే. ఇది సూపు కాదు. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఇంకా పులుసు పోయమనడం. పోస్తే ఆ బియ్యప్పట్టీలు నిమిషాల్లో పీల్చుకుని మెత్తబడి తెగిపోతాయి, మరిగి చిక్కబడ్డ రుచి పలచనైపోతుంది. రెండో తప్పు, పక్కన ఇచ్చే నువ్వుల అప్పడాన్ని విడిగా కొరుక్కు తినడం. దాన్ని చేత్తో చిన్న ముక్కలుగా నలిపి గిన్నెలో వేసి, అడుగు నుంచి ఒకటి రెండుసార్లు మాత్రమే కలిపి వెంటనే మొదలుపెట్టాలి. ఆకులు, దారాల్లా తరిగిన పచ్చి అరటిపువ్వు, పల్లీలు, నిమ్మ, అప్పడం అన్నీ ఒకే ముద్దలో పడాలి. పచ్చిమిరపకాయ ముద్దకీ ముద్దకీ మధ్య కొరుక్కోవాలి. మెత్తన, కరకర, పచ్చిది, మరిగింది ఒకేసారి పంటికి తగలడం ఈ గిన్నె అసలు గుణం. మనం అరటిపువ్వును వలిచి, దొంగలు తీసి, మజ్జిగలో వేసి, ఉడికించి, ఆవపెట్టి లొంగదీస్తాం. వాళ్ళు దాని వగరును అలాగే ఉంచుకుంటారు. ఈ తేడా నాలుక మీద ఉండగానే మ్యూజియంలోకి వెళ్ళడం మంచిది.

మూడు రాళ్ళ ముందు

మ్యూజియం అంతా చూడాలనుకోవద్దు. రెండున్నర గంటల్లో మూడు నాలుగు శిల్పాలు గట్టిగా చూస్తే చాలు.

మొదటిది మీ సన్ ఇ1 పీఠం, ఏడో శతాబ్దం నాటిది. ఒకప్పుడు దీని మీద లింగం ఉండేది. మనవాళ్ళు సాధారణంగా "లింగం ఉండేదట" అని వినేసి ముందుకు వెళ్ళిపోతారు. చూడాల్సింది పీఠం పక్కలు. అక్కడ దేవుళ్ళు లేరు, తపస్వులున్నారు. కొండల్లో, చెట్ల మధ్య ఒకాయన ధ్యానంలో ఉంటే, ఇంకొకాయన వేణువు ఊదుతున్నాడు, మరొకాయన పడుకుని ఒళ్ళు పట్టించుకుంటున్నాడు. శివుడి కైలాసాన్ని చూపించమంటే ఆ శిల్పికి గణాలు, నంది, దేవతల గుంపు గుర్తుకు రాలేదు. అడవిలో బతికే మనుషుల రోజువారీ పనులు గుర్తొచ్చాయి. మోకాళ్ళ మీద వంగి, చుట్టూ తిరిగితే గానీ ఇది కనిపించదు. నిలబడి ఫోటో తీస్తే పీఠం పైభాగం తప్ప ఏమీ పడదు.

అదే గదిలో మీ సన్ ఇ5 గణపతి. ఆయన నిలబడి ఉన్నాడు. జందెం పాము, నడుముకు పులిచర్మం, తొండం ఎడమచేతి గిన్నెలో. బొజ్జ ఉంది కానీ మన మట్టి వినాయకుడి కూర్చునే తీరు, సుఖాసనం, కిరీటం ఆర్భాటం లేవు. ఒక సన్యాసి భిక్షాపాత్ర పట్టుకుని వీధిలో నిలబడ్డట్టుంటాడు. వినాయకుడని తెలుసుకోవడానికి ఒక్క క్షణం చాలు. ఆయన ఎందుకు నిలబడ్డాడు, ఒంటి మీది పాము, పులిచర్మం తండ్రివి కదా అని ఆలోచించడానికి పది నిమిషాలు పడుతుంది. నేను అడిగేది ఆ పది నిమిషాలే.

త్రా కియూ పీఠం ఇంకా మంచి ఉదాహరణ. కింద చతురస్రపు దిమ్మె, పైన గుండ్రటి పానవట్టం, దాని మీద లింగం. దిమ్మె నాలుగు పక్కలా మనుషుల వరస, నాట్యం చేసే స్త్రీలు, విల్లు పట్టుకున్న వీరుడు. ఈ కథ ఏమిటన్నదాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. భాగవతంలోని కృష్ణకథ అని ఫ్రెంచి పండితుడు సెదెస్ చదివాడు. సీతాకల్యాణం, శివధనుర్భంగం అని తర్వాతి పండితులు చదివారు. ఇక్కడ మన యాత్రికుడికి ఒక సౌలభ్యం ఉంది, రెండు కథలూ కంఠతా వచ్చు. అంచేత గైడు చెప్పింది వినేసి ఊరుకోకుండా, విల్లు ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎటు తిరిగి ఉన్నారు, ఏ పక్క నుంచి ఏ పక్కకు కథ నడుస్తోంది అని తనే చదవొచ్చు. మనకు తెలిసిన కథ అంటే వాళ్ళ శిల్పాన్ని చదవడానికి చేతికొచ్చిన పనిముట్టు. చాలామంది దాన్ని వాడకుండానే జేబులో పెట్టుకుని వచ్చేస్తున్నారు.

ఇక విడిగా నిలబెట్టిన లింగాలు. మన గుళ్ళో పానవట్టం పైకి కనిపించే గుండ్రటి భాగాన్ని మాత్రమే చూస్తాం. అడుగున చతురస్రంగా బ్రహ్మభాగం, నడుమ ఎనిమిది పలకలతో విష్ణుభాగం ఉంటాయని ఆగమం తెలిసినవాళ్ళకు తెలుసు గానీ కంటికి కనపడవు. ఇక్కడ మూడు భాగాలూ బయటికి కనిపిస్తాయి. జీవితమంతా గుడికి వెళ్ళిన మనిషి కూడా ఇక్కడే మొదటిసారి పూర్తి లింగాన్ని చూసే అవకాశం ఉంది.

డోంగ్ డువాంగ్ గది దగ్గర మన గుర్తుపట్టే అలవాటు ఆగిపోతుంది. 875లో రెండో ఇంద్రవర్మ అక్కడ పెద్ద బౌద్ధ విహారం కట్టించాడు. ఆ శిల్పాల ముఖాలు చూడండి: కలిసిపోయిన కనుబొమలు, వెడల్పాటి ముక్కు, దళసరి పెదవులు, గుబురు మీసాలు. మనకు తెలిసిన ఏ బుద్ధుడి ప్రశాంతతా వీటిలో లేదు. త్రా కియూ నాట్యగత్తె సన్నని వంపు చూసిన కళ్ళకు ఇవి మొరటుగా అనిపించవచ్చు. నాకు మాత్రం మ్యూజియంలో అన్నిటికన్నా ధైర్యమైన గది ఇదే. అరువు తెచ్చుకున్న అందాన్ని పక్కనపెట్టి ఒక రాజ్యం తన సొంత ముఖం చెక్కుకుంది.

అమరావతి సంగతి

తెలుగువాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అమరావతి బుద్ధుడు ఇక్కడే ఉన్నాడట కదా?" డోంగ్ డువాంగ్‌లో 1911లో దొరికిన ఆ కంచు బుద్ధుడు డా నాంగ్‌లో లేడు, హో చి మిన్ సిటీ చరిత్ర మ్యూజియంలో ఉన్నాడు. కుడి భుజం వదిలేసి, ఒంటిని అంటిపెట్టుకున్న మడతల చీవరం చూసి అమరావతి శైలి అన్నారు. కానీ అది కృష్ణా తీరంలోనే పోతపోసి ఓడెక్కిందా, సింహళం నుంచి వెళ్ళిందా, అక్కడి పోతగాళ్ళే చేశారా అన్న వాదం ఇంకా తెగలేదు. డా నాంగ్ మ్యూజియంలో ఉన్నది 1978లో అదే చోట ఊరివాళ్ళకు దొరికిన తార కంచు విగ్రహం, మీటరుకు పైగా ఎత్తు. మన అమరావతి పేరు వినగానే గుండె పొంగడం సహజం, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ పొంగులో తార ముందు నుంచి కళ్ళెత్తకుండా వెళ్ళిపోతే మాత్రం నష్టం మనకే. ఆ సూటి చూపు, కలిసిన కనుబొమలు కృష్ణ ఒడ్డున దొరకవు.

ఒక అభ్యంతరం

ఇక్కడ ఎవరైనా నన్ను అడగొచ్చు: పెద్దవాళ్ళు అంతదూరం వెళ్ళి, రాతి లింగం ముందు చేతులు జోడిస్తే, అది చూపు కాదా? వాళ్ళకు శిల్పశాస్త్రం ఎందుకు? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ నమస్కారం ముందు నా వాదం చిన్నదే. నా బాధ నమస్కారం పెట్టి నిలబడేవాళ్ళతో కాదు, పేరు చెప్పి సెల్ఫీ తీసుకుని తిరిగిపోయేవాళ్ళతో.

ఇంకా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. రాయినీ గిన్నెనూ నేను ఒక తాటికి కట్టాను, కానీ ఈ రెండూ ఒకే జనానివి కావు. 1471లో 'విజయ' అనే చామ్ రాజధాని వియత్నాం రాజు లే థాన్ తోంగ్ చేతిలో పడ్డాక ఈ నేల మీద ఉత్తరాది వియత్నామీయులు స్థిరపడుతూ వచ్చారు. ఇప్పుడు చామ్ జనం ఎక్కువగా దక్షిణాన ఒకప్పటి నిన్ థువాన్, బిన్ థువాన్ ప్రాంతాల్లో, మెకాంగ్ దిగువన ఆన్ జియాంగ్‌లో ఉన్నారు. వాళ్ళలో బ్రాహ్మణ మతాన్ని పాటించేవాళ్ళు గొడ్డుమాంసం ముట్టరు, ఇస్లాం ప్రభావమున్న బని మతస్థులు పందిమాంసం ముట్టరు. డా నాంగ్ దుకాణంలో మనం తినేది చామ్ తిండి కాదు. ఘాటైన మామ్ నేమ్ చేపల పచ్చడి చామ్‌ల నుంచే వచ్చిందని చెప్పేవాళ్ళున్నారు. నిజమై ఉండొచ్చు, కానీ ఆధారం లేకుండా ఆ ముడి వేయను. మ్యూజియం గోడల లోపల ఒక జనం చేసిన పని, బయట ఆ నేలకు తర్వాత వచ్చిన జనం చేసే పని. మధ్యలో ఒక యుద్ధం, ఒక వలస ఉన్నాయి. ఆ ఎడం తెలిసి తినడం, తెలియక తినడం ఒకటి కావు.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. రెండుచోట్లా మననుంచి కోరేది ఒకే రకం శ్రద్ధ. కళ్ళకు పొద్దున చేయించిన కసరత్తు నాలుకకు మధ్యాహ్నం పనికొస్తుంది.

మధ్యాహ్నం, సాయంత్రం

పదింటికి బయటపడి ఒక కాఫీ. ఫిన్ అనే చిన్న సత్తు వడపోత గిన్నెలోంచి చుక్కచుక్కగా దిగడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. మూత తీసి కెలికితే పలచగా జారిపోతుంది, వదిలేయండి. అడుగున ఉన్న తియ్యటి గట్టిపాలతో కలిపి ఐసు మీద పోసుకోవాలి.

భోజనానికి పదకొండుకే వెళ్ళాలి. పన్నెండున్నర దాటితే చాలా చిన్న దుకాణాల్లో సరుకు అయిపోతుంది, ఒంటిగంటకు ఊరంతా నడుం వాలుస్తుంది. ఎండ తగ్గాక కోన్ మార్కెట్‌లోని తిండి వరసలో మిత్ త్రోన్ అడగండి. లేత పనసకాయ ఉడికించి, చీల్చి, రొయ్యలు, పంది చర్మం, పల్లీలు, వేయించిన ఉల్లి, ఆకులు, చేపల సాసుతో కలిపి ఇస్తారు. అప్పడం ముక్కే చెంచా. గోదావరి జిల్లాల పనసపొట్టు కూర తిన్నవాళ్ళు ఇక్కడ ఒక్కటి గమనించాలి: మనం పొట్టును పొడిపొడిగా కొట్టి పోపు, ఆవ పట్టించుకుంటాం. వాళ్ళు పీచును పీచుగానే వదిలి, నమలడానికే తింటారు.

శాకాహారులు ఇక్కడిదాకా చదివి నిట్టూరుస్తూ ఉంటారు. వాళ్ళకు డా నాంగ్ అనుకున్నంత కష్టం కాదు. బౌద్ధ శాకాహారాన్ని 'చాయ్' అంటారు, బోర్డు మీద ఆ మాట ఉన్న దుకాణాలు ఊరంతా ఉన్నాయి. "టోయ్ ఆన్ చాయ్" అంటే నేను శాకాహారిని అని. మామూలు దుకాణంలో "మాంసం వద్దు" అని మాత్రమే చెబితే చేపల సాసు, ఎముకల పులుసు వచ్చేస్తాయి, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అవి మాంసం కావు. చాయ్ దుకాణంలో ఆ గొడవ లేదు. నిష్ఠగా నడిపేచోట ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. వాళ్ళ చాంద్రమాసంలో ఒకటో రోజున, పదిహేనో రోజున మామూలు జనం కూడా చాయ్ తింటారు. ఆ రోజుల్లో వంటకాలు ఎక్కువ, రద్దీ కూడా ఎక్కువే. మన పంచాంగంలో అమావాస్య, పౌర్ణమి చూసుకుని ఒక రోజు అటూ ఇటూగా ప్రయాణం పెట్టుకుంటే చాయ్ మీ క్వాంగ్ దొరకడం సులువు.

రాత్రికి బాన్ సెయో. బియ్యప్పిండి, పసుపు, ఉల్లికాడలతో పలచగా కలిపిన పిండిని నిప్పుల మీది చిన్న ఇనప పెనాల్లో సుయ్యిమని పోస్తారు. రొయ్య, మాంసం, మొలకలు వేసి మడుస్తారు. దక్షిణ వియత్నాంలో చేసేవాటికన్నా ఇక్కడివి చాలా చిన్నవి. దీన్నే మనవాళ్ళు దోశ అంటున్నారు. పిండి పులియదు, చట్నీ ఉండదు, ప్లేటులో పెట్టుకుని తుంచుకు తినేది కాదు. పల్చటి బియ్యప్పొర అరచేతిలో పరిచి, లెట్యూస్, పుదీనా, దోసముక్క, దాని మీద సగం అట్టు, పక్కన ఊచకు కాల్చిన నెమ్ లుయ్ మాంసం పెట్టి, గట్టిగా చుట్టి సాసులో ముంచాలి. ఎక్కువ కూరితే పొర చిట్లిపోతుంది, వదులుగా చుడితే సాసులో విడిపోతుంది. అందుకే అట్టు సగానికి మించి పెట్టొద్దు. అన్నీ ఒకేసారి తెప్పించుకుంటే చివరివి చల్లారి మెత్తబడతాయి, నాలుగేసి చొప్పున అడగండి. ముంచుకునే గోధుమరంగు సాసు చూడటానికి పల్లీ పచ్చడిలా ఉంటుంది. పల్లీలు, నువ్వులు నిజమే గానీ, చాలాచోట్ల అందులో పంది కాలేయం కూడా రుబ్బుతారు. అట్టులో మాంసం వేయొద్దని చెప్పి ఆ సాసు పోసుకున్న శాకాహారి మోసపోయినట్టే, దాని సంగతి విడిగా అడగాలి.